కాళ్ళ వైపు ఇటుకలు

డెబ్భై ఏడు ఉప్పెన తరువాత ఇరవై రెండో ఏడు, సార్వా వరి ఊడ్పులు అయిపోయి చేలు పచ్చబడుతున్న రోజుల్లో పున్నారావు కాళ్ళకు నీరు దిగింది.

ముందు చెప్పులు పట్టలేదు. కొత్త చెప్పులు కదా, తోలు బిగిసిందనుకున్నాడు. తరువాత పాత చెప్పులూ పట్టలేదు. ఒక సాయంత్రం అరుగు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంటే బావమరిది పిచ్చేశ్వరరావు వచ్చాడు. పలకరింపు లేదు. వంగి, బొటనవేలితో బావ ముంగాలి మీద నొక్కి తీశాడు. వేలు పెట్టిన చోట గుంట పడింది. పూడలేదు. తడిగట్టు మీద మడమ దిగినట్టు అలాగే ఉండిపోయింది.

"ఏంట్రా, విత్తనం గాని నాటుతున్నావా?" అన్నాడు పున్నారావు.

"ఎన్నాళ్ళయింది?"

"నీళ్ళు పెట్టేవాడివి నువ్వు. నన్నడుగుతావేంటి. నా కాళ్ళలోకి ఎవడు వదిలాడో నువ్వే కనుక్కో."

లోపలి నుంచి అన్నపూర్ణ అంది. "చవితి ముందు నుంచి ఉంది తమ్ముడూ. నీకు చెప్పొద్దన్నారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం కూడా వస్తోంది."

"ఆయాసం నాక్కాదు. మీ అక్క మాటలు వినేవాడికెవడికైనా వస్తుంది" అన్నాడు పున్నారావు. ఆ మాట చివరిదాకా చెప్పడానికి మధ్యలో ఒకసారి ఆగి గాలి పీల్చుకున్నాడు. పిచ్చేశ్వరరావు అది చూశాడు.

నాగాయలంకకు దిగువన, కాలువ చివరాఖరి ఊరు వాళ్ళది. ఎగువ ఊళ్ళన్నీ వాడుకుని వదిలిన నీళ్ళే వాళ్ళకు దిక్కు. కావలసినప్పుడు రావు, వచ్చాయంటే పోవు. అలాంటి ఊళ్ళో నీటి పని తెలిసినవాడికి ఒక మర్యాద ఉంటుంది. పిచ్చేశ్వరరావుకు ఆ మర్యాద ఉంది. ఏ మడి మెరక, ఏ మూల జానెడు పల్లం అన్నది కాలితో తొక్కి చెప్పేవాడు. వాన కొట్టి చేలు మునిగితే గండి ఎక్కడ కొట్టాలో అతన్ని పిలిచి అడిగేవారు. అతను గట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి ఒక చోట పార దించేవాడు. తెల్లారేసరికి వరి తలలు బయటపడేవి. మాట మాత్రం తక్కువ. ఊళ్ళో ఎవరైనా నోరు మెదపకుండా కూర్చుంటే "పిచ్చియ్య పూనాడు" అనేవాళ్ళు.

ఆ పని నేర్పింది పున్నారావే. తండ్రి పోయిన ఏడు అక్క తమ్ముణ్ణి తన కాపురానికి తెచ్చుకుంది. బావ అతన్ని మురుగు కాలువ దగ్గరకు తీసుకెళ్ళి నీళ్ళు తోడే గూడ తాళ్ళు చేతికిచ్చాడు. చెరోవైపు నిలబడి గూడను కాలువలో ముంచి, ఊపి, నీళ్ళు చేలోకి ఎత్తిపోయాలి. ఇద్దరి ఊపూ ఒకటి కాకపోతే నీళ్ళు ముఖాన పడతాయి. మొదటి రోజంతా ముఖాన పడ్డాయి. బావ రోజంతా వెక్కిరిస్తూనే ఉన్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా వాళ్ళిద్దరి మధ్య మాట్లాడే పని పున్నారావుది, వినే పని పిచ్చేశ్వరరావుది.

మర్నాడు ముగ్గురూ బస్సెక్కి చల్లపల్లి వెళ్ళారు.

కృపానందం డాక్టరు గారు పెద్దాయన. ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తలనొప్పికీ ఆయన దగ్గరికే, తగాదాకీ ఆయన దగ్గరికే. పున్నారావు ఛాతీ మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నారు. వీపు మీద పెట్టి ఇంకాసేపు విన్నారు. ఈసీజీ, ఎక్స్‌రే తీయించారు. ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసి, "గుండె సాగిందయ్యా" అన్నారు.

"నేను తిన్నదంతా అది తిన్నట్టుందండీ" అన్నాడు పున్నారావు.

"సాగితే బలం కాదు. సాగిన రబ్బరుకు పట్టు ఉంటుందా?" డాక్టరు గారు బీపీ మిషను రబ్బరు బుడ్డి తీసి పిచ్చేశ్వరరావు చేతిలో పెట్టారు. "నొక్కు. వదులు. మళ్ళీ నొక్కు. గుండె చేసే పని అదే. పుట్టకముందు మొదలుపెడుతుంది, మనిషి పోయేదాకా ఆపదు. నువ్వు నిద్రపోయినా అది నిద్రపోదు."

పిచ్చేశ్వరరావు నొక్కుతూ వదులుతూ ఉన్నాడు. కాసేపటికే పిడికిలి నొప్పెట్టింది. సిగ్గుపడి ఆపలేదు.

డాక్టరు గారు తన గుప్పిట మూసి చూపించారు. "ఇంతే ఉంటుంది. లోపల నాలుగు గదులు. ఒళ్ళంతా తిరిగొచ్చిన రక్తం నల్లగా, నీరసంగా కుడివైపు గదుల్లోకి వస్తుంది. కుడిగది దాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ గాలి పట్టుకుని ఎర్రబడి ఎడమవైపుకు వస్తుంది. ఎడమగది గట్టిది. అది ఒక్క తోపు తోస్తే మెదడు నుంచి కాలిగోటిదాకా పోవాలి. ముందు పెద్ద గొట్టం, దాన్నుంచి చిన్నవి, వాటి నుంచి వెంట్రుకకన్నా సన్నవి. మీ కాలువలు లేవూ, అలా."

అది పిచ్చేశ్వరరావుకు నచ్చింది. ఈమధ్య కాలంలో చదువుకున్నవాళ్ళు చెప్పినవాటిలో పూర్తిగా అర్థమైన మాట అదొక్కటే. అందుకని నోరు విప్పి అడిగాడు. "ఆఖర్న ఎక్కడ కలుస్తుందండీ?"

"ఏది?"

"ఆ రక్తం. కాలిగోటిదాకా వెళ్ళాక."

"ఎక్కడా కలవదు. తిరిగి గుండెకే వస్తుంది. ఉన్న రక్తమే తిరుగుతూ ఉంటుంది."

"పల్లం నుంచి మెరకకు ఎలా ఎక్కుతుందండీ?"

డాక్టరు గారు అతని వైపు కొంచెం ఇష్టంగా చూశారు. "మంచి మాట అడిగావు. వెనక్కి తెచ్చే సిరల్లో చిన్న చిన్న తలుపులు ఉంటాయి. పైకి వెళ్ళిన రక్తాన్ని కిందికి జారనివ్వవు. నడిచినప్పుడు పిక్కలు నొక్కుతాయి, రక్తం ఒక్కో తలుపూ దాటుకుంటూ పైకి వస్తుంది. మీ బావగారికి ఇప్పుడు ఎడమగది నీరసించింది. తోయాల్సినంత తోయలేకపోతోంది. ముందుకు పోనిది వెనక పోగు పడుతుంది. ఆ ఒత్తిడికి కుడివైపూ అలిసింది, అందుకే కాళ్ళకు నీరు. ఊపిరితిత్తుల్లోనూ కాస్త చేరింది."

బయట బెంచీల నిండా జనం ఉన్నారు. ఒక చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. డాక్టరు గారు గబగబా చెప్పేశారు. నీరు పోయే మాత్ర పొద్దున్నే ఒకటి. గుండె మాత్ర ఒకటి. ఉప్పు బాగా తగ్గించాలి. తల వైపు రెండు దిళ్ళు వేసుకుని ఎత్తుగా పడుకోవాలి. నెలకు మళ్ళీ రావాలి.

తిరుగు బస్సులో పున్నారావు నోరు ఆగలేదు. "ఉప్పునేలలో పుట్టి, ఉప్పుగాలి పీల్చి, ఉప్పు మానేయమంటాడేంట్రా ఆయన. నువ్వు అడిగినవన్నీ అడిగావు, ఎండుమెత్తళ్ళ పులుసు సంగతి అడగలేదు."

"మానేయ్" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"నీదేం పోయింది, మానేయ్ అంటావు."

పిచ్చేశ్వరరావు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. రోడ్డు పక్కనే కాలువ వస్తోంది. డాక్టరు గారు చెప్పినదంతా లోపలికి దిగింది గాని, ఆ ఒక్కటి దిగలేదు. తిరిగి వస్తుందన్నారు. అతను చూసిన నీళ్ళేవీ తిరిగి రాలేదు. బెజవాడ దగ్గర వదిలిన నీళ్ళు పెద్ద కాలువలోకి, దాన్నుంచి చిన్న కాలువలోకి, బోదెలోకి, మడిలోకి, మడి నుంచి మురుగు కాలువలోకి, ఆఖరికి సముద్రంలోకి పోతాయి. వెనక్కి వచ్చింది ఒక్కసారే, ఉప్పెనప్పుడు. దాన్ని రావడమని ఎవరూ అనరు. తలుపులు మాత్రం అతనికి బాగా అర్థమయ్యాయి. తలుపులు పాడై ఉంటాయి. తూము తలుపు పుచ్చిపోతే శివారు మడి మునిగినట్టు, బావ కాళ్ళు మునిగాయి.

మాత్రలు కొన్నాళ్ళు పనిచేశాయి. కాళ్ళ వాపు కొంచెం తీసింది. "పొద్దస్తమానం దొడ్లోకే నా ప్రయాణం. బస్సు పాసు లాంటిది ఏమన్నా ఇస్తారేమో కనుక్కోవే" అని పున్నారావు భార్యను ఆటపట్టించేవాడు. ఉప్పులేని కూర తిని, "ఎవరింటి కూరో మన కంచంలో పడింది" అనేవాడు. అన్నపూర్ణ నిమ్మకాయ పిండేది. పాపం ఆవిడకు అదొక్కటే తోచేది.

ఆశ్వయుజంలో ముసురు పట్టింది. మళ్ళీ నీరు దిగింది. ఈసారి మోకాళ్ళ దాకా. చర్మం గాజులా మెరిసేది. నెల తిరిగింది గాని, ముసురులో ఆయాసం మనిషిని బస్సులో వేసుకుని ఎలా వెళ్ళడమని ఆగారు. వాన తెరిపిచ్చాక వెళదామన్నాడు పున్నారావు. అన్నపూర్ణ ఆయన చెప్పినట్టే విన్నది.

ఆ ముసురులోనే ఒక మధ్యాహ్నం పిచ్చేశ్వరరావు బావ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూశాడు. నులక మంచం. తల కింద రెండు దిళ్ళు, చాలక మడత పెట్టిన బొంత. మనిషి తల మెరకన ఉంది, కాళ్ళు పల్లాన ఉన్నాయి. శివారు మడి మునిగి ఉంటే ఎగువ మడిని ఇంకా మెరక చేస్తారా ఎవరైనా? ఉన్న నీరంతా కాళ్ళలోకే దిగదూ? డాక్టరు గారు పెద్దవారు, దిళ్ళు ఎందుకు చెప్పారో చెప్పలేదు. నిద్ర సుఖం కోసం చెప్పి ఉంటారు. నీటి సంగతి వేరు. నీటికి వాలు కావాలి. వాలు ఇస్తే నీరు తన దారి తాను వెతుక్కుంటుంది. ఇన్నేళ్ళలో అది ఒక్కసారీ తప్పలేదు.

లేచి వెళ్ళి పశువుల పాక వెనక పేర్చి ఉన్న ఇటుకలు తెచ్చాడు.

"ఏంట్రా, నాకు మేడ కడుతున్నావా?" అన్నాడు పున్నారావు.

"కాళ్ళ వైపు ఎత్తు పెడదాం. నీరు వెనక్కి లాగుతుంది."

పున్నారావుకూ అది సబబుగానే తోచింది. గండి ఎక్కడ కొట్టాలో పిచ్చియ్య చెబితే కాదన్నవాడు ఆ ఊళ్ళో లేడు. "నేను చచ్చినా నన్ను చేను కింద లెక్కేసి గండి కొట్టేట్టున్నాడే నీ తమ్ముడు" అని మాత్రం అన్నాడు.

దిళ్ళు తీసేశారు. అన్నపూర్ణ మంచం ఒక మూల పట్టుకుంది, పిచ్చేశ్వరరావు రెండో మూల ఎత్తి కాళ్ళ వైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టాడు.

నీరు లాగింది. అదే అసలు చిక్కు. సాయంత్రానికి కాళ్ళు కళ్ళముందే తీశాయి. గాజులా బిగిసిన చర్మం ముడతలు పడింది. చీలమండ ఎముక ఎన్నాళ్ళకో కనపడింది. అన్నపూర్ణ దాన్ని వేలితో తడిమి చూసి కళ్ళు తుడుచుకుంది. ఎదురింటి కాంతారావు వచ్చి చూశాడు.

"పెద్ద డాక్టరు చేయలేంది నాలుగిటుకలతో చేశాడయ్యా పిచ్చియ్య. ఇంక చల్లపల్లి ఎందుకు, నువ్వే ఒక బోర్డు కట్టు" అన్నాడు.

ఆ రోజు తనింటికి వెళ్ళేటప్పుడు పిచ్చేశ్వరరావు నడకలో కొంచెం తేడా ఉంది. వీధిలో ఇద్దరు ముగ్గురిని తనే ముందు పలకరించాడు.

మర్నాడు పున్నారావు దగ్గుతున్నాడు. ముసురు కదా, జలుబు చేసిందనుకున్నారు. అన్నపూర్ణ మిరియాల కషాయం కాచి ఇచ్చింది. కాళ్ళ వాపు ఇంకా తీసినందువల్ల అందరూ కాళ్ళనే చూశారు. దగ్గును ఎవరూ చూడలేదు. "తల కింద ఏదన్నా పెట్టవే, గాలాడటం లేదు" అన్నాడు పున్నారావు ఒకసారి. "ఇంకొక్క రోజు ఓర్చుకో బావా, నీరు పూర్తిగా లాగనీ" అన్నాడు పిచ్చేశ్వరరావు. ఓర్చుకున్నాడు. బావమరిది అంత పొడుగు మాట చెప్పడమే అరుదు.

ఆ మరుసటి రోజు అన్నం తిన్నాక పున్నారావు కునుకు తీశాడు. పిచ్చేశ్వరరావు పాకలో గేదెకు గడ్డి వేస్తుంటే అక్క పిలిచింది. పేరు పెట్టి పిలవలేదు. ఊరికే ఒక కేక. అతను గడ్డి అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

పున్నారావు మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో మంచం పట్టెలు పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. గొంతులో బుడబుడమంటోంది, పుక్కిలిస్తున్నట్టు. ముఖం చెమటతో తడిసి బూడిదరంగు తిరిగింది. పెదవుల పక్కన నురగ, లేత ఎరుపు నురగ. కళ్ళు పిచ్చేశ్వరరావును చూశాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి మాట లేకుండా తనను చూడడం పిచ్చేశ్వరరావుకు అదే మొదటిసారి.

"పడుకో బావా, పడుకో" అని భుజాలు పట్టుకుని వెనక్కి వాల్చబోయాడు. పున్నారావు అతన్ని తోశాడు. అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో, పిచ్చేశ్వరరావు వెళ్ళి గోడకు తగిలాడు. నీళ్ళలో మునిగేవాడు ఒడ్డు మీదికి లాగేవాణ్ణి తోసినట్టు కాదు. మునిగేవాణ్ణి ఇంకా లోపలికి అదిమేవాణ్ణి తోసినట్టు. అప్పుడు అతనికి ఏదో తెలిసింది. ఏమిటో పూర్తిగా తెలియలేదు. వంగి, ఇటుకలు కాలితో తన్నేశాడు. మంచం దబ్బున నేల మీద పడింది. అయినా బుడబుడ ఆగలేదు.

కాంతారావు వీధిలోకి పరుగెత్తి సాయిబాబు వ్యానును ఆపాడు. రొయ్యల చెరువులకు ఐసు తోలే వ్యాను అది. వెనక పొట్టు, తడి గోనెలు, చేపల వాసన. అందులోనే గోనెల మీద కూర్చోబెట్టారు. ఒకవైపు అన్నపూర్ణ, ముందువైపు పిచ్చేశ్వరరావు. పున్నారావు రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేసి, నుదురు అతని భుజానికి ఆనించి, ఒక్కో ఊపిరినీ తోడుకుంటున్నాడు. ప్రతి ఊపిరీ అడుగు నుంచి వస్తోంది. పిచ్చేశ్వరరావు చేతులు ఖాళీగా ఉన్నాయి. ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ నొక్కాలో, ఏది తెరిస్తే ఏది పోతుందో తెలియలేదు. చేను మునిగితే పార ఉంది, గట్టు ఉంది, దిగువన ఒక పల్లం ఉంది. ఇక్కడ మనిషి తన చేతుల్లోనే మునుగుతున్నాడు. గండి కొట్టడానికి చోటు లేదు.

"ఇంకెంత దూరం?" అని అన్నపూర్ణ అడుగుతూనే ఉంది. పులిగడ్డ దగ్గర నది దాటుతున్నప్పుడు అడిగింది. దాటాక అడిగింది. సాయిబాబు హారను మీద నుంచి చెయ్యి తీయలేదు.

చల్లపల్లిలో కృపానందం డాక్టరు గారు మనిషిని దింపనివ్వలేదు. తనే వ్యాను ఎక్కారు. గోనెల మీద మోకాళ్ళు ఆనించి, నరానికి ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుక కింద ఒక మాత్ర పెట్టారు. కాళ్ళు కిందికి వేలాడేట్టు వ్యాను అంచున కూర్చోబెట్టించారు. ఛాతీ విన్నారు. తరువాత పిచ్చేశ్వరరావు వైపు తిరిగారు.

"ఎలా పడుకోబెట్టారయ్యా?"

"కాళ్ళ వైపు ఎత్తు పెట్టామండీ. దిళ్ళు తీసేసి."

"ఎవరు చెప్పారు?"

"నేనేనండీ."

డాక్టరు గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పున్నారావు చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, మెల్లగా చెప్పారు. "కాళ్ళలో ఉన్నంతసేపు ఆ నీరు ఇబ్బంది పెట్టేది గాని, ఊపిరి ఆడనిచ్చేది. కాళ్ళు ఎత్తితే అది ఎక్కడికీ పోలేదు. తిరిగి రక్తంలో కలిసింది. రక్తంతో పాటు గుండెకు వచ్చింది. గుండె తోయలేకపోయింది. వెనక ఉన్న ఊపిరితిత్తుల్లో నిలిచింది. తిరిగొస్తుందని చెప్పాను కదయ్యా నీకు."

"చెప్పారండీ" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"బందరు తీసుకెళ్ళండి. ఆక్సిజన్ కావాలి. నేను ఫోను చేస్తాను. దారిలో ఒక్క క్షణం కూడా పడుకోనివ్వకండి."

దారి పొడవునా ఆ మాటే పట్టుకుని కూర్చున్నాడు. తిరిగొస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దిగమింగలేక వదిలేసిన మాట అదే. బావ ఒంట్లో సముద్రం లేదు. ఎక్కడ తోసినా అక్కడికే, ఆ గుప్పెడు గుండె దగ్గరికే వస్తుంది. అది తెలిసింది. తెలిసి ఇప్పుడు చేసేదేమీ లేదు.

బందరులో పెద్ద ఆసుపత్రే. ముక్కుకు గొట్టం పెట్టారు, చేతికి సూది పెట్టారు, కింద మూత్రం సంచీ కట్టారు. సాయంత్రానికి సంచీ నిండుతూ వచ్చింది. గొంతులో బుడబుడ తగ్గింది. పున్నారావు కళ్ళు మూసుకుని, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే తూలుతున్నాడు.

డాక్టరు జ్యోతిర్మయి గారు చిన్న వయసావిడ. వాళ్ళిద్దరినీ వరండాలోకి పిలిచింది. "ఈ పూటకు గట్టెక్కారండీ. కానీ గుండె చాలా నీరసంగా ఉంది. ఇది నిన్నా మొన్నటిది కాదు, చాలా నాళ్ళ నుంచి పాడవుతూ వచ్చింది. ఆపరేషన్‌కు తట్టుకోరు. మందులతో నెట్టుకు రావడమే."

"ఎన్నాళ్ళు నెట్టుకొస్తారమ్మా?" అంది అన్నపూర్ణ.

"చెప్పలేనండీ. ఇలాంటిది మళ్ళీ రావచ్చు. రాకపోవచ్చు."

"మేం చేసేదేమన్నా ఉందా అండీ?" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"కూర్చోబెట్టి ఉంచండి. అంతే."

ఆవిడ వెళ్ళాక ఇద్దరూ వరండాలోనే నిలబడ్డారు. కింద రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఎవరో సినిమా గురించి నవ్వుకుంటూ వెళ్తున్నారు.

"అక్కా" అన్నాడు.

"నాకు చెప్పకు" అంది అన్నపూర్ణ. "మంచం ఒక మూల పట్టింది నేనే. కాళ్ళు తీశాయని దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టాను." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఏమన్నా తిన్నావా పొద్దుటి నుంచి?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కూడా తినలేదు. ఇద్దరూ మళ్ళీ లోపలికి వెళ్ళారు.

తెల్లవారేసరికి వార్డులో వెలుతురు పడింది. పున్నారావు మంచానికి తల వైపు ఎత్తే పిడి ఉంది గాని అది విరిగి ఉంది. తిప్పితే ఊరికే తిరుగుతోంది. ఉన్న దిళ్ళు నునుపు రెగ్జిను తొడిగినవి. ఒకటి జారితే మిగిలినవీ జారుతున్నాయి. అన్నపూర్ణ రాత్రంతా వాటిని ఎగదోస్తూనే ఉంది. తెల్లవారుజామున గోడకు ఆనుకుని అలాగే నిద్రపోయింది. పున్నారావు కొంచెం కొంచెంగా కిందికి జారి ఉన్నాడు. ఊపిరి మళ్ళీ పొట్టిగా పడుతోంది.

పిచ్చేశ్వరరావు పంపు దగ్గరకు వెళ్ళి ముఖం కడుక్కున్నాడు. తుండుతో తుడుచుకుని వచ్చాడు. బావ చంకల కింద చేతులు వేసి పైకి లేపాడు. దిళ్ళు తీసి కింద పెట్టాడు. మంచం ఎక్కి, తల వైపుకు తిరిగి, కాళ్ళు అక్కడి చట్రం సందుల్లోంచి బయటికి పెట్టి, బావ వీపుకు తన వీపు ఆనించి కూర్చున్నాడు.

కాసేపటికి వెనక నుంచి గొట్టం అడ్డంతో బొంగురుగా వినిపించింది. "ఎవర్రా అది?"

"నేనే. ఆనుకో."

"దిండేది?"

"జారుతోంది."

పున్నారావు నెమ్మదిగా బరువు వదిలాడు. పెద్దమనిషి. ఒళ్ళు నీరుపట్టి ఇంకా బరువెక్కిన మనిషి. పిచ్చేశ్వరరావు నడుము బిగించాడు. "ఎముకలు గుచ్చుకుంటున్నాయి" అన్నాడు పున్నారావు. ఆగి, ఊపిరి తీసుకుని, "కండపట్టేలా తినొచ్చుగా" అన్నాడు.

చొక్కా మీద చొక్కా, మధ్యలో చెమట. కదలకుండా కూర్చుంటే వీపులోంచి అతనికి తెలిసింది. బావ ఎడమ రెక్క కింద ఏదో తడుతోంది. తట్టి ఆగుతోంది. రెండుసార్లు గబగబా తట్టి, మళ్ళీ ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ అతను తన ఊపిరి బిగబట్టి ఎదురుచూశాడు. మళ్ళీ తట్టేది. అప్పుడు వదిలేవాడు.

నర్సు వచ్చి, "దుప్పటి మార్చాలండీ, దిగండి" అంది.

"నేను లేస్తే పడుకుంటారండీ" అన్నాడు.

"ఎంతసేపు కూర్చుంటారు అలాగ?"

అతను నడుము ఇంకాస్త నిటారుగా పెట్టాడు. ఆవిడ కొంచెంసేపు చూసి, పక్క మంచం దగ్గరకు వెళ్ళింది. కిటికీలోంచి ఎండ వచ్చి బయటికి వేలాడుతున్న అతని పాదాల మీద పడింది. ఈగ వాలింది. పిచ్చేశ్వరరావు కాలు కదపలేదు.